జంషెడ్‌పూర్ ఉక్కుకు బాటవేసిన ప్రమథనాథ్ బోస్
ఖనిజాన్ని కనుగొన్న శాస్త్రవేత్తకు పదోన్నతి నిరాకరణ. సంపద ఎవరిదన్న ప్రశ్న నేటికీ సజీవం

జంషెడ్‌పూర్: ఉక్కునగరంగా ప్రసిద్ధి చెందిన జంషెడ్‌పూర్‌లో ఏటా మే 12వ తేదీన ఒక భూగర్భ శాస్త్రవేత్తకు నివాళులర్పించే ఆనవాయితీ ఉంది. ఈ నగరం టాటా వంశ మూలపురుషుడు జంషెడ్జీ నుస్సెర్వాన్జీ పేరున వెలసింది. అయితే ఇక్కడి కర్మాగారానికి ఆధారమైన ఇనుప ఖనిజం ఎక్కడ ఉన్నదీ టాటాలకు తెలియజేసిన వ్యక్తి బెంగాల్‌కు చెందిన ప్రమథనాథ్ బోస్. ఆయన 1904 ఫిబ్రవరి 24న రాసిన ఒక లేఖ భారతదేశపు పారిశ్రామిక చరిత్రను మలుపు తిప్పింది.

ప్రకృతి వనరులు పుష్కలంగా ఉన్న దేశాలు ఆ వనరులను ముడిసరుకుగానే విక్రయించి పేదరికంలో మిగిలిపోవడం, వనరులు అంతగా లేని దేశాలు వాటిని కొనుగోలు చేసి సంపన్నం కావడం ఆర్థికవేత్తలను చాలాకాలంగా కలవరపరుస్తున్న విషయం. ప్రపంచ విపణిలో ధర పెరిగినప్పుడు అటువంటి దేశాల ఖజానా నిండుతుంది. ధర పడిపోయిన మరుక్షణం బడ్జెట్టు తలకిందులవుతుంది. ఈ నేపథ్యంలో, ఖనిజాన్ని గుర్తించిన చోటుకు సమీపంలోనే దానిని ఉక్కుగా మార్చేందుకు దోహదం చేసిన బోస్ జీవితం పరిశీలించదగినది.

గ్రామం నుంచి లండన్‌కు

ప్రమథనాథ్ బోస్ 1855 మే 12న అవిభక్త బెంగాల్‌లోని 24 పరగణాల ప్రాంతంలో, గోబర్‌డాంగా సమీపాన గల గాయిపూర్ గ్రామంలో జన్మించారు. కృష్ణనగర్ కళాశాలలోనూ, అనంతరం కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ విద్యాభ్యాసం చేశారు. 1874లో ప్రతిష్ఠాత్మకమైన గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనం పొంది లండన్ వెళ్ళారు. అక్కడ విజ్ఞానశాస్త్రంలో పట్టభద్రులై, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో శిక్షణ ముగించారు. బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరచిన శివాలిక్ పర్వత ప్రాంతపు మాంసాహార జంతువుల శిలాజాలపై ఆయన జరిపిన పరిశోధన 1880లో ప్రచురితమైంది.

అదే సంవత్సరం ఆయన భారత భూగర్భ సర్వే సంస్థలో అధికారిగా చేరారు. 1851లో ప్రధానంగా బొగ్గు నిల్వల అన్వేషణకై ఏర్పడిన ఆ సంస్థలో అంతవరకూ ఉన్నతశ్రేణి అధికారులందరూ ఐరోపావారే. గ్రేడు కలిగిన అధికారి హోదాలో నియమితుడైన తొలి భారతీయుడు బోస్ కావడం విశేషం.

మామగారి గ్రంథాలు, అల్లుడి సుత్తి

1882లో బోస్ ప్రసిద్ధ చరిత్రకారుడు రమేశ్‌చంద్ర దత్ కుమార్తె కమలను వివాహమాడారు. ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసి, 1899లో లక్నోలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన దత్, బ్రిటిష్ పాలనలో భారతదేశపు ఆర్థిక చరిత్రను రెండు సంపుటాలుగా వెలువరించారు. భారతదేశం పత్తి, జనపనార వంటి ముడిసరుకులను ఎగుమతి చేసి తయారైన వస్తువులను దిగుమతి చేసుకునే స్థితికి నెట్టబడినదనీ, దేశీయ చేతివృత్తులు నశించినందున సేద్యం మీద భారం పెరిగినదనీ ఆయన అంకెలతో సహా నిరూపించారు.

మామగారు గ్రంథాలయాల్లోని నివేదికల ఆధారంగా చెబుతున్న విషయాన్ని అల్లుడు కొండల్లో, అడవుల్లో ప్రత్యక్షంగా చూశారని చెప్పవచ్చు. నర్మదా లోయ మొదలుకొని డార్జిలింగ్, అస్సాం, బర్మా వరకు బోస్ విస్తృతంగా పర్యటించారు. 1880వ దశకంలో మధ్య పరగణాలలోని రాయపూర్ ప్రాంతంలో ఇనుప ఖనిజాన్ని పరిశీలించి, దల్లీ రాజహరా కొండల నిల్వలను గురించి నివేదిక సమర్పించారు. ఆ శతాబ్దం చివర బస్తర్ సంస్థానంలోనూ పర్యటించి బైలదిల్లా కొండల ఖనిజాన్ని నమోదు చేశారు.

ఈ ప్రాంతాల్లో ఇనుము తయారీ కొత్త విద్య కాదు. అగారియాలు, అసురులు వంటి గిరిజన తెగలవారు తరతరాలుగా మట్టికొలుముల్లో బొగ్గుతో ఇనుప రాయిని కరిగించి నాగళ్ళు, గొడ్డళ్ళు తయారు చేసేవారు. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు డమాస్కస్ ఖడ్గాల తయారీకి వినియోగమైందనీ, దానిని కొనేందుకు పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారనీ చరిత్ర చెబుతోంది. కాని 19వ శతాబ్దంలో విదేశీ ఇనుము చౌకగా వెల్లువెత్తడం, కొలుములకు అవసరమైన కలప లభించకుండా అటవీ చట్టాలు అడ్డుపడటంతో ఆ విద్య క్రమంగా అంతరించింది. 1900 నాటికి దేశంలో దాదాపు 24 వేల మైళ్ళ రైలుమార్గం ఏర్పడినా, దాని పట్టాలు మాత్రం ఓడల్లో బ్రిటన్ నుంచే వచ్చేవి. రాయి ఇక్కడ ఉండగా పట్టా అక్కడ తయారయ్యేది.

పదేళ్ళ జూనియర్‌కు డైరెక్టర్ పదవి

1903లో భూగర్భ సర్వే సంస్థ డైరెక్టర్ పదవి ఖాళీ అయింది. అప్పటికి బోస్‌కు ఇరవై మూడేళ్ళ సర్వీసు ఉంది. అయినప్పటికీ ప్రభుత్వం ఆయనను కాదని, పదేళ్ళ తరువాత సర్వీసులో చేరిన థామస్ హాలండ్‌ను నియమించింది. హాలండ్ కూడా సమర్థుడైన శాస్త్రవేత్తే అయినా, సర్వీసులో తనకంటే ఎంతో చిన్నవాడి కింద పనిచేయవలసి రావడం బోస్‌ను బాధించింది. ఆయన పదవీ విరమణ చేసి బయటకు వచ్చారు.

ఆనాటి ప్రభుత్వ విభాగాల్లో భారతీయులకు ఇటువంటి అనుభవం అరుదేమీ కాదు. అయితే ఈ ఒక్క నిర్ణయం ఫలితం మరోలా పరిణమించింది. ఒరిస్సాలోని మయూర్‌భంజ్ సంస్థానాధీశుడు శ్రీరామచంద్ర భంజ్‌దేవ్ తన సంస్థానంలోని ఖనిజ సంపదను సర్వే చేసేందుకు బోస్‌ను ఆహ్వానించారు. డైరెక్టర్ కుర్చీ దక్కి ఉంటే ఆయన ఆ అడవులకు వెళ్ళేవారు కాదన్నది స్పష్టం.

మయూర్‌భంజ్ అడవుల్లో గోరుమహిసాని, బాదంపహాడ్, సులయిపత్ కొండలను బోస్ పరిశీలించారు. గోరుమహిసాని కొండ సమృద్ధమైన, నాణ్యమైన ఇనుప ఖనిజానికి నిలయమని తేల్చారు. అంతకంటే ముఖ్యంగా, అది ఝరియా బొగ్గు గనులకు అందుబాటు దూరంలో ఉన్నదన్న విషయాన్ని గుర్తించారు.

టాటాల రెండు దశాబ్దాల అన్వేషణ

అదే కాలంలో బొంబాయిలో జంషెడ్జీ టాటా ఉక్కు కర్మాగారం కోసం రెండు దశాబ్దాలుగా కలలు కంటున్నారు. మధ్య పరగణాలలోని చాందా జిల్లా లోహారా ఖనిజంపై ఒక జర్మన్ నిపుణుడు ఇచ్చిన నివేదికను ఆయన 1882లో చదివారు. అయితే సమీపంలోని వరోరా బొగ్గు ఇనుము కరిగించేందుకు పనికిరాదని తేలింది. గనుల నిబంధనలు కూడా ప్రైవేటు వ్యక్తులకు ప్రతికూలంగా ఉండేవి. 1899లో లార్డ్ కర్జన్ హయాంలో నిబంధనలు సడలించిన తరువాత ఆయన తిరిగి ప్రయత్నం ఆరంభించారు. 1902లో అమెరికా వెళ్ళి చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరును ఒప్పించారు. 1903లో పెరిన్ తరఫున సి.ఎం. వెల్డ్ అనే భూగర్భ నిపుణుడు భారతదేశం చేరుకున్నారు.

వెల్డ్ పరిశీలనలో లోహారా నిరాశే మిగిల్చింది. ప్రయత్నం విరమించుకుంటున్నామని తెలియజేసేందుకు నాగపూర్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళిన జంషెడ్జీ కుమారుడు దొరాబ్జీ, అధికారి కోసం వేచి ఉండవలసి వచ్చి ఎదుటనే ఉన్న మ్యూజియంలోకి అడుగుపెట్టారు. అక్కడ ఒక భూగర్భ పటంలో దుర్గ్ జిల్లా మీద ఇనుప నిల్వలను సూచించే ముదురు రంగు మచ్చ ఆయన కంటబడింది. అది బోస్ సర్వే ఫలితమే. ఆ సూచన ఆధారంగా వెల్డ్, దొరాబ్జీ దల్లీ రాజహరాకు వెళ్ళి అపారమైన ఖనిజాన్ని చూశారు. అయితే తగిన బొగ్గు, నీటి వసతి చేరువలో లేకపోవడంతో ఆ ప్రతిపాదన అప్పట్లో ముందుకు సాగలేదు.

ఈ దశలో బోస్ లేఖ జంషెడ్జీకి చేరింది. ఆనాడు ఒక టన్ను ఇనుము తీయడానికి ఖనిజంతో పాటు పెద్దఎత్తున బొగ్గు, సున్నపురాయి కావలసి ఉండేవి. వీటిలో ఏ ఒక్కటి దూరమైనా రవాణా ఖర్చు లాభాన్ని మింగివేసేది. గోరుమహిసానిలో ఖనిజం, ఝరియాలో బొగ్గు, మధ్యలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఉండటంతో లెక్క కుదిరింది.

అయితే ఆ ఫలితాన్ని చూసే అవకాశం జంషెడ్జీకి దక్కలేదు. లేఖ రాసిన మూడు నెలలలోపే, 1904 మే 19న ఆయన జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో మరణించారు. తండ్రి ఆశయాన్ని దొరాబ్జీ చేపట్టారు. పెరిన్, వెల్డ్ గోరుమహిసానిని పరిశీలించి బోస్ అంచనా సరైనదేనని నిర్ధారించారు. మయూర్‌భంజ్ మహారాజు అనుకూల షరతులపై గనుల లీజు మంజూరు చేశారు.

మూడు వారాల్లో రెండు కోట్లు

కర్మాగారానికి పెట్టుబడి కోసం టాటాలు మొదట లండన్ విపణిని ఆశ్రయించారు. అక్కడ ఆశించిన స్పందన లభించలేదు. దరిమిలా వారు స్వదేశం వైపు తిరిగారు. 1905 బెంగాల్ విభజన అనంతరం దేశమంతటా స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ నమోదైంది. మూడు వారాల వ్యవధిలో దాదాపు 8,000 మంది భారతీయులు వాటాలు కొని సుమారు 2 కోట్ల 32 లక్షల రూపాయల మూలధనాన్ని సమకూర్చారు. నిర్వహణ మూలధనం కోసం జారీచేసిన 4 లక్షల పౌన్ల డిబెంచర్లను గ్వాలియర్ మహారాజు ఒక్కరే తీసుకున్నారు.

సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట, కాళీమాటి స్టేషనుకు సమీపంలోని సాక్చి అనే కుగ్రామాన్ని కర్మాగారానికి ఎంపిక చేశారు. ఆ స్థలాన్వేషణలో వెల్డ్ వెంట శ్రీనివాసరావు అనే భారతీయుడు కూడా ఉన్నారు. 1911 డిసెంబరులో తొలిసారిగా దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు తయారయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా తదితర రంగాలకు 1,500 మైళ్ళ రైలుపట్టాలు ఇక్కడి నుంచే వెళ్ళాయి. దానికి గుర్తింపుగా 1919 జనవరిలో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాళీమాటి స్టేషను టాటానగర్‌గా మారింది.

ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు ఉపాధి నిమిత్తం తరలివచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. నగరంలోని బిష్టుపూర్ రామమందిరం, కద్మాలోని ఆంధ్ర సంఘం వారి ఉనికికి నిదర్శనాలు.

అయితే ఈ ప్రగతికి మరో పార్శ్వం కూడా ఉంది. సాక్చి పరిసరాల్లో కర్మాగారానికి సేకరించిన సుమారు మూడున్నర వేల ఎకరాల భూమి సంథాల్, హో, భూమిజ్ తదితర వర్గాల గ్రామాలకు చెందినది. గనులు ఉన్న కొండలూ గిరిజనులవే. భూమి పోగొట్టుకున్నవారిలో అనేకులు అదే గనిలో, అదే కర్మాగారంలో రోజుకూలీలుగా చేరారు.

ఆధునికతపై బోస్ సందేహాలు

లేఖ రాసిన తరువాత బోస్ కర్మాగారం వ్యవహారాలకు పరిమితం కాలేదు. ఖనిజం ఉన్నంత మాత్రాన పరిశ్రమ రాదనీ, దానిని నడిపే నిపుణులు స్వదేశంలోనే తయారు కావాలనీ ఆయన విశ్వసించారు. 1906లో కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి ప్రిన్సిపాల్‌గా వ్యవహరించారు. ఆ సంస్థే వివిధ దశలు దాటి 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంగా రూపొందింది.

బోస్ చరిత్రకారుడు కూడా. బ్రిటిష్ పాలనలో హిందూ నాగరికత చరిత్రను 1890వ దశకంలోనే మూడు సంపుటాలుగా రచించారు. తరువాతి కాలంలో రాంచీలో స్థిరపడి రచనలు కొనసాగించారు. ఆశ్చర్యకరమైన అంశమేమంటే, పరిశ్రమల కోసం జీవితంలో సింహభాగం వెచ్చించిన ఆ వ్యక్తి వృద్ధాప్యంలో పాశ్చాత్య తరహా పారిశ్రామిక నాగరికతనే ప్రశ్నించసాగారు. 1913లో వెలువడిన ఎపోక్స్ ఆఫ్ సివిలైజేషన్, 1916 నాటి ఇల్యూజన్స్ ఆఫ్ న్యూ ఇండియా గ్రంథాల్లో ఈ మార్పు కనిపిస్తుంది. భౌతిక సంపద పెరుగుదలనే నాగరికతగా భావించరాదనీ, యంత్ర పరిశ్రమల వ్యామోహం దేశానికి మేలు చేయదనీ ఆయన అభిప్రాయపడ్డారు. రాంచీకి కూతవేటు దూరంలో కాకపోయినా అదే ఛోటానాగపూర్ పీఠభూమి అంచున జంషెడ్‌పూర్ కొలుములు రాత్రింబవళ్ళు మండుతున్న కాలమది.

ఈ రెండు దృక్పథాల మధ్య వైరుధ్యాన్ని బోస్ పూర్తిగా పరిష్కరించుకున్నారని చెప్పలేము. ఆయన 1934లో మరణించారు.

బోస్ కొండలు, నేటి లెక్కలు

బోస్ గుర్తించిన మూడు ఖనిజ ప్రాంతాల తదుపరి చరిత్ర మూడు విధాలుగా సాగడం గమనార్హం. గోరుమహిసాని ఖనిజం జంషెడ్‌పూర్ ఉక్కుగా మారింది. దల్లీ రాజహరా ఖనిజం సోవియట్ సహకారంతో నిర్మితమై 1959లో ఉత్పత్తి ప్రారంభించిన భిలాయ్ కర్మాగారానికి ఆధారమైంది. బైలదిల్లా కథ వేరు. 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి, అక్కడి ఖనిజాన్ని తరలించేందుకు తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం నిర్మించారు. 1976లో విశాఖపట్నంలో భారీ ఓడల కోసం ఔటర్ హార్బర్ ప్రారంభమైంది. సొంత ఖనిజ వనరులు అంతంతమాత్రమైన జపాన్, కొనుగోలు చేసిన రాయితోనే ప్రపంచ అగ్రశ్రేణి ఉక్కు దేశాల్లో ఒకటిగా ఎదిగింది.

తమ రేవు మీదుగానే ఖనిజం విదేశాలకు తరలుతుండగా విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రులు 1966లో మహోద్యమం నడిపారు. కాల్పుల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టులో కర్మాగారం జాతికి అంకితమైంది. అయితే జంషెడ్‌పూర్ కర్మాగారానికి మొదటి నుంచీ ఉన్న సొంత గనుల వెసులుబాటు విశాఖకు లభించలేదు. ఖనిజాన్ని బయటి నుంచి విపణి ధరకు కొనవలసి రావడం దాని నష్టాలకు ప్రధాన కారణాల్లో ఒకటని కార్మిక సంఘాలు, నిపుణులు చెబుతూ వచ్చారు. 2021 జనవరిలో కేంద్రం ఆ సంస్థలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. గని లేని కర్మాగారం ఎంత బలహీనమో, కర్మాగారం లేని గని కూడా అంతే బలహీనమన్నది ఈ అనుభవాల సారాంశం.

ఖనిజ రాష్ట్రాల ఫిర్యాదు

కర్మాగారం ఉన్నా గనులున్న ప్రాంతమంతా బాగుపడినట్లు కాదు. బొగ్గు, ఉక్కు దేశమంతటా ఒకే ధరకు లభించేలా 1950వ దశకంలో ప్రవేశపెట్టి 1990వ దశకం ఆరంభం వరకు అమలుచేసిన రవాణా ఛార్జీల సమీకరణ విధానం వల్ల, గనుల చెంతనే పరిశ్రమ పెట్టాలన్న ఆకర్షణ తగ్గిపోయిందని నాటి బీహార్ నేతలు విమర్శించారు. 2000 నవంబరులో జార్ఖండ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడటం వెనుక, తమ ఖనిజాలు తమకు కాకుండా పోతున్నాయన్న ఆవేదన బలంగా ఉంది.

ఇనుప ఖనిజంపై రాయల్టీని 2014లో విక్రయ ధరలో 15 శాతానికి పెంచారు. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల ప్రభావానికి లోనైన ప్రజల సంక్షేమానికి జిల్లా ఖనిజ నిధులు ఏర్పాటుచేశారు. రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజాలున్న భూములపై పన్ను విధించే అధికారం రాష్ట్రాలకు ఉన్నదనీ 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. భూగర్భ సంపదలో గనుల ప్రాంతానికి ఎంత వాటా దక్కాలన్న వివాదం దీనితో మరో మెట్టు ఎక్కింది.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. నత్రితపు ఎగుమతులపై ఆధారపడిన చిలీ, మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి జర్మనీ రసాయన పద్ధతిలో ఎరువులు తయారు చేయడంతో దెబ్బతిన్నది. ఫాస్ఫేట్ తవ్వి ఒకప్పుడు సంపన్న ద్వీపంగా పేరొందిన నౌరు, నిల్వలు తరిగిపోయాక అప్పుల్లో కూరుకుపోయింది. జాంబియా రాగి, నైజీరియా చమురు ధరల ఒడుదుడుకులకు ప్రజలు మూల్యం చెల్లించారు. ఇందుకు భిన్నంగా నార్వే 1990లో చట్టం ద్వారా చమురు నిధిని నెలకొల్పి, నేటి ఆదాయాన్ని రేపటి తరాలకు దాచే పద్ధతి పాటించింది. తేడా భూగర్భంలో లేదనీ, పాలనలోనూ, విద్యలోనూ ఉన్నదనీ ఈ ఉదాహరణలు సూచిస్తున్నాయి.

బోస్ సర్వే చేసిన మయూర్‌భంజ్ జిల్లాయే 2022లో రాష్ట్రపతి పదవి చేపట్టిన ద్రౌపది ముర్ము స్వస్థలం. ఒకనాడు భూగర్భ సర్వే సంస్థలో భారతీయుడికి డైరెక్టర్ పదవి నిరాకరించిన దేశంలో, ఆ కొండల మధ్య పుట్టిన సంథాల్ మహిళ అత్యున్నత పీఠాన్ని అధిష్ఠించడం కాలం తెచ్చిన మార్పు. ఆ కొండల రాయి మీద వచ్చే ఆదాయంలో అక్కడి గ్రామాలకు ఎంత చేరుతున్నదన్న లెక్క మాత్రం ఇంకా తేలవలసే ఉంది.